కెమెరా చేతికిచ్చారు సరే, చదువో?

దసరాకు మా నిడమనూరు వెళ్ళి వచ్చాను. ఆ వెళ్ళిరావడం గురించి తీరిగ్గా ఒక జ్ఞాపకాల టపా వ్రాద్దామనే కూర్చున్నాను. జమ్మి ఆకు, అలాయిబలాయి, కాలువ గట్టు మీద సాయంకాలం, ఇత్యాదులు. కానీ వ్రాయబోతే జ్ఞాపకాలకు బదులు కోపం వస్తోంది. కనుక మిత్రులు మన్నించాలి. ఇది కోపపు టపా.

పండుగనాటి సాయంత్రం జమ్మిచెట్టు దగ్గర మా మండల విలేకరి కనిపించాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, వరుసకు తమ్ముడవుతాడు. చేతిలో ఒక ఫోను, జేబులో మరొకటి. జనం ఆకు కోసుకుంటుంటే ముందు ఫోను నిలువుగా పట్టి కొంతసేపు తీశాడు. తరువాత అడ్డంగా తిప్పి అదే దృశ్యాన్ని మళ్ళీ తీశాడు. ఆ పిమ్మట ఆగి రెండు ఫోటోలు తీశాడు. చివరికి ఫోను ఒక పిల్లవాడి చేతికిచ్చి, తానే చెట్టు ముందు నిలబడి నాలుగు మాటలు మాట్లాడాడు.

"ఇన్నిసార్లు ఎందుకురా?" అని అడిగాను.

"నిలువుది ఫోన్ల చూసేటోళ్ళకన్నా. అడ్డంది యూట్యూబుకు. ఫోటో పేపరుకు. నేను మాట్లాడింది ఫేస్‌బుక్కుకు. ఇగ వార్త ఇంటికి పొయ్యి రాయాలె."

"మరి నువ్వు జమ్మి పెట్టుకున్నావా?"

"యాడిదన్నా!" అని నవ్వాడు.

మరునాడు ఇంటికి వచ్చినప్పుడు తన ఫోనులో ఒక ధ్రువపత్రం చూపించాడు. వాడు పనిచేసే పత్రిక (ఏ పత్రిక అన్నది అప్రస్తుతం) విలేకరులందరికీ అంతర్జాలంలో రెండు గంటల తరగతి పెట్టి, చివర ఈ పత్రం పంపిందట. 'డిజిటల్, మల్టీమీడియా జర్నలిజం నైపుణ్యాల శిక్షణ విజయవంతంగా పూర్తిచేసినందుకు' అని బంగారు రంగు అక్షరాలతో ఉంది. ఆ బంగారు అక్షరాల్లో మా వాడి పేరులోని ఒక వత్తు ఎగిరిపోయింది. ఏ పాత ఖతి నుంచో యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు జారిపడి ఉంటుంది. డిజిటల్ పాత్రికేయ విద్యలో పట్టభద్రుణ్ణి చేస్తూ ఇచ్చిన పత్రంలో తెలుగు పేరును సరిగ్గా అచ్చువేయలేకపోవడాన్ని నేను చిన్న సంగతిగా తీసుకోలేకపోతున్నాను. మనం ఈ తెలుగు బ్లాగుల్లోకి వచ్చిందే ఆ వత్తుల కోసం గదా!

ఏమేం నేర్పారని అడిగాను. ఫోను కదలకుండా పట్టుకోవడం, వెలుతురు ముఖం మీద పడేటట్లు నిలబెట్టడం, మొదటి మూడు క్షణాల్లో చూపరిని కట్టిపడేయడం, బొమ్మ మీద ఎర్రటి అక్షరాలతో శీర్షిక పెట్టడం, రోజుకు కనీసం ఇన్ని పంపడం. అంతే. ఎవరిని అడగాలి, ఏమి అడగాలి, అడిగినదాన్ని ఎట్లా సరిచూసుకోవాలి, తప్పు వ్రాస్తే ఎట్లా దిద్దుకోవాలి అన్న ప్రసక్తే రాలేదట. 'మాకు ప్రశ్నలు అడిగే అవకాశం లేదన్నా, మైకులు బందు పెట్టిన్రు' అన్నాడు. ప్రశ్నించడమే వృత్తిగా గలవాళ్ళకు మైకు ఆపివేసి నేర్పిన పాత్రికేయం అది.

నేను చెప్పదలచుకున్నది సూటిగానే చెబుతాను. 'డిజిటల్ నైపుణ్యాలు నేర్చుకోండి' అని ఇవాళ మండల విలేకరికి వినిపిస్తున్న ఉపదేశం విద్య పేరిట జరుగుతున్న పని బదిలీ. ఒకప్పుడు ఛాయాగ్రాహకుడు, కూర్పరి, వ్యాఖ్యాత, అక్షరాలు పేర్చేవాడు కలిసి చేసిన పనిని ఇప్పుడు ఒకే మనిషి మెడకు కడుతున్నారు. వారి జీతాల్లో ఒక్కదాన్ని కూడా అతనికి ఇవ్వడం లేదు. ఇవ్వకపోవడమే కాక, నీవు వెనకబడినవాడివి, కాలంతో పాటు ఎదగాలి అని అతనినే తప్పుపడుతున్నారు.

ఇది నిన్నగాక మొన్న మొదలైన వరుస కాదు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు ప్రవేశపెట్టాక తెలుగు పత్రికల స్వరూపమే మారిపోయిందన్నది అందరికీ తెలిసినదే. రాబిన్ జెఫ్రీ 2000లో వెలువరించిన భారతీయ పత్రికా విప్లవం పుస్తకంలో తెలుగువారికి అంత చోటు దక్కింది ఈ జిల్లా పేజీల పుణ్యమే. జిల్లా పేజీ నిండాలంటే ప్రతి మండలంలో ఒక మనిషి కావాలి. అట్లా పుట్టినవాడే మండల విలేకరి. ఉద్యోగి కాదు, 'కంట్రిబ్యూటర్'. అచ్చయిన వార్తను కొలిచి డబ్బులిచ్చే పద్ధతికి 'లైన్ అకౌంటు' అని పేరు. బట్టల కొట్లో మూర కొలిచినట్లు వార్తను కొలుస్తారు. దానికితోడు పండుగలకూ నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు తేవాలి. పొద్దున ఎవరిని నిలదీయాలో సాయంత్రం వాళ్ళ దగ్గరకే రసీదు పుస్తకంతో వెళ్ళాలి.

మా ఊళ్ళో ఆ తొలి తరం విలేకరులు నాకు తెలుసు. సాయంత్రం వార్తలు తెల్లకాగితాల మీద వ్రాసి, కవరులో పెట్టి, మిర్యాలగూడ పోయే ఆర్టీసీ బస్సు కండక్టరు చేతికి ఇచ్చేవారు. ఆ బస్సు దాటిపోతే ఆనాటి నిడమనూరులో ఏమీ జరగనట్లే లెక్క. తరువాత ఫ్యాక్సు వచ్చింది. కాగితానికింత అని ఎస్టీడీ బూత్‌లో డబ్బులు చెల్లించేవారు. తరువాత డీటీపీ దుకాణాలు వచ్చాయి. అను ఖతుల్లో కొట్టించి పంపేవారు. ఆ పైన గణకయంత్రం, కెమెరా, ఇప్పుడు రెండు ఫోన్లు, మైకు, ముక్కాలి స్టాండు. పనిముట్టు మారిన ప్రతిసారీ దాన్ని కొన్నవాడు విలేకరే, దానితో పంపిన సరకును అమ్ముకున్నది వేరొకరు. నాకు తెలిసిన ఆ నలుగురిలో ఒక్కరికీ ఆ నలభై ఏళ్ళలో ఒక్క వారం రోజుల చదువైనా ఎవరూ చెప్పించలేదు.

చదువు అసలే లేదా అంటే ఉంది. పెద్ద పత్రికలు సొంత జర్నలిజం పాఠశాలలు నడిపాయి, విశ్వవిద్యాలయాల్లో శాఖలు ఉన్నాయి. వాటి నుంచి వచ్చినవారు చాలావరకు డెస్కుకు వెళ్ళారు, లేదా నగరాల్లో స్థిరపడ్డారు. వార్త పుట్టేచోట నిలబడేవాడికి చదువు లేదు, వార్తకు శీర్షిక పెట్టేవాడికి చదువు ఉంది. మీడియా అకాడమీ జిల్లాల్లో పెట్టే రెండు రోజుల తరగతులు కొంత నయం. అక్కడ కనీసం సీనియర్లు వచ్చి మాట్లాడతారు, భోజనాల దగ్గర పక్క మండలంవాడితో పరిచయం కలుగుతుంది. కానీ రెండు రోజుల్లో వ్రాత, చట్టం, నీతి, వీడియో అన్నీ కలిపి వడ్డిస్తే ఏది ఒంటబడుతుంది?

'అయినా పల్లెటూరి విలేకరికి అంత చదువెందుకు?' అని అడిగేవారికి ఒక సంఘటన చెబుతాను. 2022 సెప్టెంబరు 7 సాయంత్రం మా మండలంలో ముప్పారం దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడింది. 1967లో నీళ్ళు వదిలిన నాటి నుంచి మా ప్రాంతానికి అన్నం పెట్టిన కాలువ అది. పొలాలు మునిగాయి, లోతట్టు ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చాయి, గురుకులంలో చదువుకునే చిన్నపిల్లలను తరలించవలసి వచ్చింది. నేనప్పుడు ఊళ్ళో లేను. నాకు ఆ రాత్రి పదిమంది దగ్గర నుంచి వీడియోలు వచ్చాయి. కాలువ గట్టు తెగి నీళ్ళు ఎర్రగా దూకుతున్న దృశ్యం, చీకట్లో టార్చిలైట్లు, ఎవరో అరుపులు. నా చిన్ననాటి గట్టు అట్లా కరిగిపోవడం చూసి నిద్రపట్టలేదు.

ఆ రాత్రి మా తమ్ముడు తెల్లవారేదాకా నీళ్ళల్లోనే ఉన్నాడట. ఆఫీసు నుంచి గంటకొకసారి ఫోను. వాడు నాకు చెప్పిన మాటను ఉన్నదున్నట్లు వ్రాస్తున్నాను: 'విజువల్ ఉన్నదా, కొత్త విజువల్ ఉన్నదా అని ఒక్కటే పోరన్నా. గండి ఎందుకు పడ్డదని ఒక్కడు అడగలే.' వాడు పంపిన దృశ్యాలకు చూపరులు వేలల్లో వచ్చారు. మూడోనాటికి నీరు తగ్గింది. దృశ్యం తగ్గింది. వార్తా తగ్గింది.

కాలువ తెగిన మరునాటి నుంచి మొదలుకావలసిన ప్రశ్నలు ఎన్ని! ఆనాడు కాలువలో ఎన్ని క్యూసెక్కులు వదిలారు? ఆ చోట ఆఖరుసారి తనిఖీ చేసిన అధికారి ఏ తేదీన సంతకం చేశాడు? నిర్వహణకు ఆ ఏడు మంజూరైనదెంత, ఖర్చయినదెంత? ఊటలు వస్తున్నాయని రైతులు ముందే చెప్పి ఉంటే ఆ మాట ఏ పుస్తకంలోనైనా ఎక్కిందా? పంట నష్టం లెక్కవేసేటప్పుడు కౌలుదారు పేరు వ్రాశారా, పట్టాదారు పేరు వ్రాశారా? ఈ ఒక్క ఆఖరి ప్రశ్న మీద మా మండలంలో ఎన్ని కుటుంబాల బతుకు ఆధారపడి ఉంటుందో నగరంలో కూర్చుని ఎర్ర అక్షరాల శీర్షిక పెట్టేవారికి అర్థం కాదు. అర్థమయ్యేవాడు మా తమ్ముడు. వాడికి కాలువ లెక్కలు చదవడం ఎవరూ నేర్పలేదు. సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. మండల స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము 5 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఒక వీడియోకు పెట్టే డేటా ఖర్చు కాదది. ఆ దరఖాస్తు ఎట్లా వ్రాయాలో, ఏ కాగితాన్ని ఏ పేరుతో అడగాలో నేర్పడానికి రెండు గంటలు చాలు. ఆ రెండు గంటల తరగతి ఎందుకు పెట్టరు?

ఎందుకంటే ఆ విద్య నేర్చినవాడు తెచ్చే వార్తకు నెల పడుతుంది. రోజుకు ఇన్ని అని లెక్కవేసే యంత్రానికి అది పనికిరాదు.

ఇక్కడ మన బ్లాగ్మిత్రులు కొందరు ఒక అభ్యంతరం చెబుతారని నాకు తెలుసు. ఎందుకంటే ఒకప్పుడు నేనూ అదే చెప్పాను. 'ఎవరో వచ్చి నేర్పాలా? మనకెవరు నేర్పారు?' అన్న అభ్యంతరం. నిజమే. పత్రికల సైట్లన్నీ తలకొక ఖతితో తాళం వేసుకుని కూర్చున్న రోజుల్లో మనం 'పద్మ' పొడిగింతతో ఆ తాళం తీసుకుని చదివాం. 'లేఖిని'లో ఇంగ్లీషు మీటలు నొక్కి తెలుగు అక్షరాలు రాబట్టాం. 'కూడలి'లో ఒకరినొకరు కనుగొన్నాం. ఎవరూ తరగతి పెట్టలేదు, ధ్రువపత్రం ఇవ్వలేదు. అడిగితే తెలిసినవాళ్ళు చెప్పారు, మరునాడు మనం ఇంకొకరికి చెప్పాం. ఆ గర్వం నాకూ ఉంది. ఆ గర్వంతోనే, పల్లెటూళ్ళలో చేతికొక ఫోను వస్తే చాలు, ప్రతివాడూ పత్రికాధిపతే అవుతాడని రాసుకున్నాను.

ఆ మాటను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. మనలో చాలామందికి నెల జీతాలు వచ్చే ఉద్యోగాలుండేవి. రాత్రి భోజనాలయ్యాక తీరిక ఉండేది. మన టపాలో తప్పు దొర్లితే ఒక వ్యాఖ్యాత వచ్చి సున్నితంగా దిద్దేవాడు, మనం ధన్యవాదాలు చెప్పి సరిచేసుకునేవాళ్ళం. అంతకు మించి ఎవరి కొంపా మునిగేది కాదు. మా తమ్ముడి తప్పుకు కేసు పడుతుంది, లేదా ఒక ఇంటి పరువు పోతుంది. వాడు తప్పు వ్రాసినా ఒప్పు వ్రాసినా మరునాడు ఆ మనిషికి అదే బజారులో ఎదురుపడాలి. మన స్వయంకృషిని చూపించి వాడిని 'నువ్వూ నేర్చుకో' అనడం, ఈత వచ్చినవాడు గట్టున నిలబడి మునిగేవాడికి ఉపన్యాసం ఇవ్వడం వంటిది.

పైగా మీట నొక్కడం వస్తే చాలునన్న నమ్మకం ఎక్కడికి తీసుకుపోతుందో మా ప్రాంతమే చూసింది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, ఆసుపత్రి నుంచి గర్భవతియైన భార్యతో కలిసి బయటకు వస్తున్న ఒక యువకుణ్ణి వెనక నుంచి వచ్చి నరికి చంపారు. కులం తక్కువవాడిని చేసుకున్నదన్న కక్షతో జరిగిన హత్య. ఆసుపత్రి సీసీ కెమెరాలో అది పడింది. ఆ తరువాత ఏం జరిగిందో మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ దృశ్యాన్ని చానెళ్ళు గుండ్రంగా గీత గీసి, బాణం గుర్తు పెట్టి, నెమ్మదిగా తిప్పి, మళ్ళీ మళ్ళీ చూపాయి. సాంకేతికంగా చూస్తే అందులో లోపం లేదు. కోయడం తెలుసు, అతకడం తెలుసు, వేగం తగ్గించడం తెలుసు. ఆ తల్లి ఇంట్లో కూడా టీవీ ఉంటుందన్న సంగతి తెలియలేదు. ఎప్పుడు చూపకూడదో తెలియడం కూడా బహుళమాధ్యమ విద్యలో భాగమే. నా దృష్టిలో అది మొదటి పాఠం.

ఆ కేసులో నల్లగొండ న్యాయస్థానం తీర్పు 2025 మార్చి 10న వచ్చింది. ఒకరికి ఉరిశిక్ష, మిగిలిన ఆరుగురికి యావజ్జీవం. ఆరున్నరేళ్ళు. ఇన్నేళ్ళ విచారణను వాయిదా వాయిదాకూ వెళ్ళి కూర్చుని, సాక్షుల మాటలు విని, ఓపికగా వ్రాయడం ఒక నైపుణ్యం. ఏ తరగతిలోనూ దానికి పాఠం లేదు, ఏ లైన్ అకౌంటులోనూ దానికి కొలత లేదు.

సరే, తిట్టడం తేలిక, నేర్పడం ఎట్లాగో చెప్పమంటారు. చెబుతాను. మన తెలంగాణలోనే జరిగింది. జహీరాబాదు దగ్గర పస్తాపూరు కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. దాని సారథుల్లో ఒకరైన పి.వి. సతీష్ (2023 మార్చిలో పోయారు) అంతకుముందు దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసినవారు. ఆయనా ఆయన సహచరులూ వీడియో కెమెరాను సంఘాల్లోని దళిత స్త్రీల చేతికిచ్చారు. వాళ్ళలో చాలామందికి అక్షరాలు రావు, కూలికి పోయేవాళ్ళు. వాళ్ళకు ఇంగ్లీషు పేర్లతో కోణాలు వల్లెవేయించలేదు. వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూస్తూ తీసేది పటేల్ షాట్. ఎందుకంటే పటేలు వాళ్ళను అట్లాగే చూస్తాడు. కంటికి కన్ను సమంగా పెట్టి తీసేది సంఘం షాట్. ఎందుకంటే సంఘంలో అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుంటారు.

ఈ రెండు పేర్లలో ఉన్నంత పాఠ్యప్రణాళిక నాకు ఏ జర్నలిజం పుస్తకంలోనూ కనిపించలేదు. కెమెరాను ఎంత ఎత్తులో పెట్టాలన్నది ఎదుటి మనిషిని నీవు ఏమనుకుంటున్నావన్న ప్రశ్న అని వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు, బతుకే చెప్పింది. మన వరద దృశ్యాలు, మన పరామర్శ దృశ్యాలు, నష్టపరిహారపు చెక్కు పంచే దృశ్యాలు ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. అన్నీ పటేల్ షాట్లే.

మరొక సంగతి. ఆ స్త్రీలకు ఇచ్చింది రెండు గంటలు కాదు, ఏళ్ళు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక, వరంగల్లు రైతుల చేలల్లో ఆ పత్తి ఏమైందో వాళ్ళు కెమెరాలతో పంట కాలమంతా మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూశారు. విత్తనం నాడు రైతు ముఖం ఎట్లా ఉంది, కాయ నాడు ఎట్లా ఉంది, మార్కెట్టు నాడు ఎట్లా ఉంది. 2003లో అది చిత్రంగా వచ్చింది. దాని నిర్ణయాలతో మీరు ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. ఒకే రైతు దగ్గరకు ఎన్నోసార్లు వెళ్ళడమనే పద్ధతితో మాత్రం ఎవరూ విభేదించలేరు. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. కెమెరాతో పాటు మైకూ వాళ్ళ చేతికి వచ్చింది.

ఉత్తరాదిన, 2002లో చిత్రకూట్‌లో మొదలైన 'ఖబర్ లహరియా' కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పల్లెటూరి దళిత స్త్రీలు చేతివ్రాత నుంచి ఫోను దాకా మెట్టు మెట్టుగా నేర్చుకున్నారు. వారి మీద తీసిన చిత్రం 2022లో ఆస్కారు పోటీ దాకా వెళ్ళింది. ఆ చిత్రం తమ పనిలో ఒక పక్కనే చూపిందని వాళ్ళే ప్రకటన ఇచ్చారు. తమను పొగిడే చిత్రంలోని లోటును కూడా ఎత్తిచూపగల చదువు అది.

ఇంకా వెనక్కి పోతే మన జిల్లాకే సిగ్గుపడవలసినంత గొప్ప గతం ఉంది. 1922 ఆగస్టులో, నిజాము పాలనలో, నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 'నీలగిరి' పత్రిక తెచ్చారు. అదే నెలలో ఓరుగల్లు ప్రాంతపు ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' పత్రిక తెచ్చారు. పల్లెలోనే ముద్రణ యంత్రం పెట్టుకుని నడిపారు. ఆనాటికి అదే నవీన సాంకేతికం. చెప్పవలసినది కడుపులో ఉంది కనుక చేతి పని నేర్చుకున్నారు. ఇవాళ చేతి పని ముందు నేర్పి, కడుపులో ఏమున్నదో తరువాత చూద్దామంటున్నారు. ఆ 'తరువాత' రానే రాదు.

అన్నట్టు, కృత్రిమ మేధ వచ్చిందిగా, ఇక ఈ గొడవంతా దేనికి అనేవారు కూడా తయారయ్యారు. మాట్లాడితే ఫోనే తెలుగులో వ్రాసి పెడుతుంది, వ్రాసినదాన్ని బొమ్మ మనిషి వచ్చి చదివి పెడుతుంది. మంచిదే. మీట నొక్కే పని యంత్రానికే పోతే పోనివ్వండి. ముప్పారం గట్టు మీద నిలబడి 'ఈ ఊట ఎన్నాళ్ళ నుంచి ఉంది పెద్దాయనా?' అని అడిగే పని మాత్రం దానికి చేతకాదు. అంటే నేర్పవలసింది ఏదో యంత్రమే మనకు తేల్చి చెబుతున్నదన్నమాట.

చట్టం సంగతి కూడా ఒక మాట. 1955 నాటి శ్రామిక పాత్రికేయుల చట్టంలో, జీవనానికి పాత్రికేయమే ప్రధాన వృత్తిగా గలవాడే పాత్రికేయుడని నిర్వచనం. దాని స్థానంలో 2020లో చేసి 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతిలో డిజిటల్ మాధ్యమం అన్న మాట చేరింది. సంతోషం. కానీ ఆ 'ప్రధాన వృత్తి' మెలిక అట్లాగే ఉంది. మా తమ్ముడి దగ్గర పనిలో చేరేటప్పుడే ఒక కాగితం మీద సంతకం తీసుకున్నారు, 'నాకు వేరే జీవనాధారం ఉన్నది, విలేకరి పని అభిరుచి కొద్దీ చేస్తున్నాను' అని. అభిరుచి! పండుగనాడు జమ్మి పెట్టుకోనివ్వని అభిరుచి. ఇట్లా సంతకం తీసుకున్నవారే రెండు గంటల తరగతిలో 'వృత్తి నైపుణ్యం పెంచుకోండి' అంటారు. వృత్తి కాదని వ్రాయించుకున్నదానికి వృత్తి నైపుణ్యమెక్కడిది?

కాబట్టి శిక్షణ ఇస్తామనేవారు ముందు ఆ కాగితం చింపాలి. ఫోను, మైకు, డేటా సంస్థే కొనివ్వాలి. శిక్షణ జరిగే రోజులకు కూలి కట్టివ్వాలి. పస్తులుండి ఎవడు నేర్చుకుంటాడు? ప్రకటనల రసీదు పుస్తకం విలేకరి చేతి నుంచి తీసేయాలి. నేర్పేవాటిలో పహాణీ చదవడం ఉండాలి, పంచాయతీ జమాఖర్చులు చదవడం ఉండాలి, న్యాయస్థానపు కాగితం చదవడం ఉండాలి. వచ్చిన వీడియో ఎక్కడిదో ఎప్పటిదో తేల్చుకోకుండా ముందుకు తోయకపోవడం ఉండాలి, ఎందుకంటే వాన పడ్డ ప్రతిసారీ ఏ రాష్ట్రానిదో పాత వరద మన కాలువలోకి వచ్చి చేరుతోంది. తీసిన అసలు దృశ్యాన్ని తేదీతో, ఊరి పేరుతో దాచిపెట్టడం ఉండాలి. ఇది మనవంటి వాళ్ళకు మరీ బాధ కలిగించే విషయం. ముప్పై ఏళ్ళ జిల్లా పేజీల్లో మా నిడమనూరు చరిత్ర ఎంతో ఉంది. ఇవాళ వెతికితే ఎక్కడుంది? పాత ఖతుల్లో కొంత చిక్కుకుపోయింది, మార్చిన సైట్లలో కొంత మాయమైంది, మిగిలింది ఎవరి అటక మీదనో చెదలు తింటోంది. అందుకే యూనికోడ్‌లో తప్పుల్లేని తెలుగు వ్రాయడం కూడా ఆ పాఠాల్లో ఉండాలంటాను. వెతికితే దొరకని వార్త డిజిటల్ ఎట్లా అవుతుంది?

ఇవన్నీ యాజమాన్యాలు రేపే చేస్తాయని నమ్మేటంత అమాయకుణ్ణి కాను. అందాకా ఏమిటి? సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు మనం చేయగలిగింది కొంత ఉంది. మొన్న రెండు పూటలు మా తమ్ముడూ నేనూ మా ఇంటి వసారాలో కూర్చున్నాం. వాడు నాకు ఫోను ఎట్లా పట్టుకోవాలో చూపించాడు (నాకు ఇప్పటికీ రాలేదు). నేను వాడికి ఇన్‌స్క్రిప్ట్ చూపించాను. ఇద్దరం కలిసి కాలువ నిర్వహణ లెక్కల కోసం నీటిపారుదల శాఖకు ఒక దరఖాస్తు వ్రాశాం. వాడి పేరు మీద కాదు, నా పేరు మీద. వాడి పేరు మీద పోతే రేపు ప్రకటనలు రావన్నాడు.

వ్రాస్తుండగానే ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తడిసిందట, అయిదు నిమిషాల్లో విజువల్ కావాలట. లేచి బండి తీస్తూ, "ఎన్ని బస్తాలు తడిసినయో, టార్పాలిన్లు ఎన్నిచ్చిన్రో కూడా అడిగొస్తనన్నా, రాసిపెట్టుకుందాం" అన్నాడు.

సంక్రాంతికి మళ్ళీ వెళుతున్నాను. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట వైపు వచ్చే బ్లాగ్మిత్రులు ఎవరైనా ఉంటే వ్యాఖ్యలో చెప్పండి. మా వసారా పెద్దదే. త్రిపురారం, హాలియా విలేకరులు ఇద్దరు కూడా వస్తామన్నారట. దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రావాలి గదా, వస్తే దాన్ని ముందు పెట్టుకునే కూర్చుంటాం.